ఎర్ర గుర్తు కుళాయి

ఆగస్టు నెల, మధ్యాహ్నం 1:10. బహ్రెయిన్‌లోని ఈసా టౌన్‌లో బయట 44 డిగ్రీలు. డాబా మీది ట్యాంకు నుంచి మా స్నానాల గదికి పదకొండు మీటర్ల గొట్టం. గీజరు స్విచ్ మే నెలలోనే ఆపేశాను.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉష్ణమాపకాలు సరిగ్గా చూపుతున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. కొలతకు అందనిదాన్ని సాక్ష్యంగా తీసుకోను.

సత్యవతిది అమలాపురం దగ్గర. మనామాలో ఒక ఆంగ్లేయుల ఇంట్లో పసిపాపను చూసుకునేది. శుక్రవారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. "ఇంజనీరమ్మగారూ, ఉప్పు కూడా మిషన్తో కొలిచేరాండి? సప్పగా ఉందండి పులుసు" అని నవ్వేది.

జూలైలో ఆ కుటుంబం సెలవులకు వెళ్తూ ఆమెను లండన్ తీసుకువెళ్ళింది. దిగిన రోజే, ఆమె స్నానం చేయిస్తుండగా పాప ఎడమ పాదం కాలింది. కావాలనే కాల్చిందని కేసు పెట్టారు.

బెయిలు మీద బయటికి వచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఒప్పేసుకుంటే ఇంటికి పంపిచ్చేత్తానన్నారండి పాపోళ్ళ మేడంగారు. ఎర్ర గుర్తు కుళాయని తెలిసే తిప్పేవా అనడిగేరు పోలీసులు. తెలిసే తిప్పేనన్నాను. తెలుసు కదండీ మరి."

ఎందుకు తిప్పావని వాళ్ళు అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

ఆమె గుణగణాల గురించి వాంగ్మూలం కోరుతూ ఆమె లాయరు నాతో మాట్లాడారు. ఆశ చూపడం వల్ల నేరాంగీకారం నమ్మరానిదై ఉండవచ్చని మనం అభ్యంతరం చెబితే, అలా రాబట్టలేదని ప్రాసిక్యూషనే నిస్సందేహంగా రుజువు చేయాలట. చేయలేకపోతే, ఆ మాట నిజమే అయినా, అక్కడి చట్టం దాన్ని సాక్ష్యంగా అంగీకరించదు. ఆ విచారణకు ఇంకా వారం ఉంది.

ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి ఎర్ర గుర్తు కుళాయి తిప్పాను. బహ్రెయిన్ వేసవిలో నీలం కుళాయికి నేరుగా వచ్చే ట్యాంకు నీళ్ళు చేయి పెట్టనివ్వవు. ఆపేసిన గీజరులో నిలిచిన నీళ్ళే చల్లన. అందుకే ఈ నాలుగు నెలలూ అందరం ఎర్ర కుళాయే వాడతాం.

అరచెయ్యి కాలింది.

సంచిలోని ఉష్ణమాపకం పెట్టాను. ఎర్ర కుళాయి 58.4. నీలం కుళాయి 17.9. స్విచ్ ఆపే ఉంది. గీజరు తాకితే చల్లగా ఉంది. నాలుగు నిమిషాల తర్వాత ఎర్రది 31, నీలం 47. ఎప్పటిలాగే.

కాలిన చెయ్యి పట్టుకుని నిలబడినప్పుడు అర్థమైంది. సత్యవతి ఆ పాపకు చల్లని నీళ్ళు పట్టాననుకుంది. విమానం దిగిన కొన్ని గంటలకు, ఆమె చెయ్యి ఇంకా బహ్రెయిన్‌లోనే ఉంది.

1:40కి లాయరుకు మెయిల్ పంపాను. సాయంత్రం జవాబు వచ్చింది. ఆ ఉదయం 11:10కి సత్యవతి గుండె ఆగి ఆసుపత్రిలో చనిపోయింది. లండన్ మాకు రెండు గంటలు వెనక.

నిందితురాలు లేనందున కేసు మూసేశారు. నేరాంగీకారం చెల్లుతుందో లేదో ఎవరూ తేల్చలేదు.

ఉష్ణమాపకాన్ని రెండుసార్లు పరీక్షించాను. దోషం లేదు. ప్లంబరు గీజరు విప్పి చూశాడు. దోషం లేదు. దీనికి కారణం నేను ఈ రోజుకీ చెప్పలేను.

మిగిలినవి ఇవి. పాప పాదం మీద మచ్చ. నా అరచేతిలో మచ్చ. వాడని తిరుగు టికెట్టు ఒకటి. అది ముప్పై తొమ్మిదేళ్ళకే పోయిన సత్యవతిది. పోలీసుల రికార్డింగులో, ఆమె గొంతుతో, ఎవరూ కొట్టివేయని ఒక్క వాక్యం.