కంపైలరా, కఫీలా?

గల్ఫులోని బౌషర్‌లో ఆశ పనిచేసే ఇంట్లో మధ్యాహ్న భోజనాలయ్యాక అందరూ కాసేపు నడుం వాలుస్తారు. ఆ వేళ వంటింటి బల్ల ఆమెది. మేడమ్ కూతురు కాలేజీ ముగించి వదిలేసిన పాత లాప్‌టాప్ దాని మీద ఉంటుంది. కడపలో ఇంటర్‌తో చదువు ఆపేసిన ఆశకు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది అక్కడే. అయితే ఎండాకాలమంతా ఏ భాషతో మొదలుపెట్టాలో ఎంచుకోవడంతోనే సరిపోయింది. ఒక వీడియో పైథాన్ అంటుంది, మరొకటి జావా అంటుంది, ఇంకొకాయన సీ రానివాడికి ఏదీ రాదని బెదిరిస్తాడు. దారులు పోల్చుకుంటూ కూర్చున్నవాడికి ప్రయాణం చేస్తున్నట్టే ఉంటుంది.

ఒకనాడు చెత్త పడేయడానికి బయటికొచ్చి, పక్కింట్లో పనిచేసే సుబ్బలక్ష్మమ్మతో ఆ గోడు చెప్పుకుంది.

"మంచి కంపైలర్ దొరికితే సగం బాధ తప్పుతాదక్కా. తప్పుంటే నిలేసేది, బాగుంటే పని జరిపించేది అదే."

ఆశ అన్నది రాసిన ప్రోగ్రామ్‌ను సరిచూసి నడిపించే సాఫ్ట్‌వేర్ గురించి. గల్ఫులో ఏళ్లు గడిపిన సుబ్బలక్ష్మమ్మకు మాత్రం అలాంటివాడు ఒక్కడే తెలుసు: వీసాకు పూచీపడే యజమాని, కఫీల్. ఆశ కొత్త కఫీల్‌ను వెతుకుతోందన్న మాట సాయంత్రానికి గోడ దాటి మేడమ్ చెవిన పడింది.

మర్నాడు మేడమ్ లాప్‌టాప్ మూసేసి, దానిమీద చేయి ఆనించింది.

"కఫీల్ జదీద్? కొత్త కఫీలా? ఇందుకేనా నీకిది ఇచ్చింది? ఇక లోపల పెట్టేస్తాను."

లాప్‌టాప్ పోతే చదువు పోయినట్టే. ఆశ గబగబా అడ్డుపడింది.

"లా, లేదు మేడమ్! కఫీల్ కాదు, కంపైలర్."

"ఏదీ, చూపించు."

చూపించాలంటే ఒక భాష కావాలి. ఆమె ఇంకా ఏదీ ఎంచుకోలేదు. నిజానికి అరబ్బీని మాత్రం ఎంచుకుని నేర్చుకుందా? ఎదుట మనిషి నిలబడి నీళ్లడిగితే వచ్చింది. లాప్‌టాప్‌లో కూతురు చదువుకున్ననాటి సీ కంపైలర్ ఉంది. పాతదని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. వీడియోలో చూసిన నాలుగు వరుసలు గుర్తు తెచ్చుకుని కొట్టి, నడిపించింది. ఎర్రటి అక్షరాలొచ్చాయి.

"ఏమంటోంది?"

"ఈ వరుస చివర సెమికోలన్ మరిచానంటోంది, మేడమ్."

అది పెట్టాక తెర మీద 'బౌషర్' అన్న ఒక్క మాట ఇంగ్లీషులో వెలిసింది.

"ఇంతేనా?"

"ఇప్పటికింతే, మేడమ్."

"చుక్క కూడా వదల్లేదు. నాకంటే కఠినం." మేడమ్ లాప్‌టాప్‌ను ఆమె వైపు జరిపింది. "ముందు ఇస్త్రీ కానివ్వు."

ఆశ ఆ తర్వాత ఏ భాష మంచిదన్న వీడియో తెరవలేదు. మళ్లీ గోడ దగ్గర కలిసినప్పుడు సుబ్బలక్ష్మమ్మే కదిపింది.

"ఏం మే, కొత్త కఫీల్ కుదిరినాడా?"

"కుదిరినాడక్కా. పేరు సీ."

"ఛీ ఏంది మే, అదేం పేరు! జీతమెంతిస్తాడంట?"

"జీతం లేదు. దినామూ తప్పులే చూపిస్తాడు."

"జీతమీకుండా తప్పులెంచేటోడు కఫీలెట్లయితాడు మే? వాడు మొగుడు!"