నోరు తెరువుండ్రి సారు

ఇంటికి వచ్చినవాళ్లకు ఎవరైనా మంచినీళ్లిస్తారు. విద్యాధర్ సార్ పళ్లపుల్ల ఇస్తారు. ఇచ్చి, "జర నోరు తెరువుండ్రి" అంటారు. గ్యాస్ బండ తెచ్చినవాడైనా, కరెంటు బిల్లు కొట్టేవాడైనా, పెళ్లికార్డు పంచడానికి వచ్చిన పెద్దమనిషైనా తేడా లేదు. బుగ్గ లోపల పుల్లతో మెల్లగా గీకి, అంటిన తడిని గాజు పలక మీద రాసి, నీలం మందు ఒక చుక్క వేసి, తన పాత ఇత్తడి మైక్రోస్కోపు కింద పెడతారు. "చూసుకోండ్రి, గిదే మీ బుగ్గ" అని చూపించేదాకా ఎవరినీ గడప దాటనివ్వరు. సిరిసిల్లలో మా వాడకు ఆయన అసలు పేరుతో పని లేదు. నోరు తెరువుండ్రి సారు అంటే చాలు, ఇల్లు చూపిస్తారు.

ఆయన జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. మా ఇంటి ముందు గదుల్లో అద్దెకుంటారు. వెనక గదుల్లో మేము, ఆ పక్క రేకుల షెడ్డులో మా బాపు నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు. సార్‌ది ఆదిలాబాద్‌లో మరాఠీ వినపడే పల్లె. సంతోషం పట్టలేకపోతే "బఘా, బఘా" అంటారు. చూడు, చూడు అని. వేళ్ల కొసలు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. ఒకసారి పరధ్యానంలో నీలం మందు చాయ్‌లో వేసి, పలక మీద చక్కెర చల్లారు. ఆ చాయ్ తాగి, "ఇయ్యాల చక్కెర తక్కువైంది" అని భార్య రుక్మాబాయి ఆంటీకే వంక పెట్టారు.

"పెండ్లికి ముందు నన్ను చూడనీకి వచ్చినప్పుడు సుత గిట్లనే నోరు తెరువుమన్నడు పిల్లా" అని ఆంటీ ఓసారి నాతో చెప్పింది. "ఎద్దుల అంగట్ల పండ్లు చూసినట్టు చూస్తుండేందని మా బాపు లేచి నిలవడ్డడు."

"మరెట్ల ఒప్పుకున్నరు ఆంటీ?"

"నా బుగ్గను గా అద్దం కింద పెట్టుకొని, పొద్దుగూకేదాక చూసుకుంట కూసున్నడు. గంత మురిపెంగ నన్ను చూసేటోడు ఇంకోడు దొరుకుతడా?"

కరెంటు పోయి సాంచాల మోత ఆగితే, మా వాడ కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. ఆ సాయంత్రాల్లో సార్ మైక్రోస్కోపును అరుగు మీద పెట్టి, దాని అద్దాన్ని ఆకాశం వైపు తిప్పి, ఒక కన్ను మూసుకుని ఎటో వెళ్లిపోయేవారు. నేను కండెలకు దారం చుట్టే పని చేతిలో పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

"బఘా నవ్యా! షాబాద్ బండలు పరిచిన వాకిలి లెక్క లేదూ? ఒక్కో బండ నడుమ ఒక్కో నీలం చుక్క. దీన్నే ఉపకళా కణజాలం అంటరు. కింద పల్చటి చాప పరిచినట్టు ఒక పొర ఉంటది. కణాలన్ని గా చాప మీద ఒకదాన్నొకటి ఆనుకొని కూసుంటయి. నడుమ సూది మొన దూరదు. వీటి దాక నెత్తురు రాదు. తిండి చాప కిందికెల్లి ఊరి రావాలె. మీది వరుస అరిగిపోతుంటది, కిందికెల్లి కొత్తది వస్తుంటది. ఇయ్యాల నమిలిన బుగ్గ కొన్నొద్దులకు ఉండనే ఉండదు."

"గొంతుల సుత గిట్లనే ఉంటదా సార్?"

"గాలి గొట్టంల కణాలకు నూగుంటది. వరి మడి మీద గాలి వోయినట్టు ఎప్పుడూ ఒక్క దిక్కే ఊగుతది. మీ బాపు పీల్చిన దూది దుమ్మునంత మీదికి ఊడుస్తది. ఆయన పండుకున్నా అది పండుకోదు. పేగులల్లనైతే తువ్వాలకు కుచ్చులున్నట్టే ఉంటది, మంచిగ పీల్చుకోవాలె గద."

వింటుంటే నా ఒంట్లో ఎక్కడెక్కడో వరి మళ్లు ఊగుతున్నట్టు, ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు అనిపించేది. దారం తెగినా తెలిసేది కాదు. కరెంటు వచ్చి సాంచాలు మోగితే తప్ప ఇద్దరం ఈ లోకంలోకి వచ్చేవాళ్లం కాదు.

వాడలో ఆయనకు లొంగనిది మా బాపు అంబదాస్ ఒక్కడే. బాపు ఎడమ బుగ్గలో ఎప్పుడూ తంబాకు, అంటే నమిలే పొగాకు ఉంటుంది. నిద్ర రాకుండా అని మొదలుపెట్టాడు, నిద్రలో కూడా ఉంచుకునేదాకా వచ్చింది.

"అన్నా, జర నోరు..."

"నా నోట్ల తంబాకు దప్ప ఏం లేదు సారు."

"దాన్ని పక్కకు జరిపి చూస్త."

"అది జరుగది. దానికి గా జాగనే అలవాటు."

ఇలా ఏళ్లు గడిచాయి. ఈమధ్య బాపు కారం మానేశాడు. మా అవ్వ, అంటే అమ్మ చంద్రవ్వ, ఆంటీ దగ్గర కూర్చుని వాపోయింది. "పచ్చిపులుసుల మిరపకాయ సుత వద్దంటుండు. నోరు మండుతున్నదట. దవాఖానకు పోదామంటే ఒంటికాలు మీద లేస్తుండు."

మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఉన్న సార్ తల ఎత్తారు. "ఏ దిక్కు మండుతున్నదట?"

"ఎడమ దిక్కు సారు."

ఆయన అప్పటికప్పుడు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డులోకి నడిచారు. నేను వెనకే పరుగెత్తాను. సాంచాల మోతలో ఆయన గొంతు చించుకుని అరిచారు. "అంబదాసన్నా! నువ్వెంత చిక్కగ నేసినా నీ బుగ్గల నేతకు సరిరాదు!"

బాపు సాంచ ఆపాడు. నేను ఇంటర్ పాసయ్యానని చెప్పిన రోజు కూడా ఆపలేదు. "ఏమన్నరు సారు?"

"నీ బట్ట వెలుతురుకు పడితే సందు కనవడ్తది. బుగ్గల సందే ఉండదు."

"నా బట్టల సందా? యాడున్నదా బుగ్గ, సూపియ్యుండ్రి!"

బాపు కోపంతో తంబాకు ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి నోరు తెరిచాడు. తెరిస్తే రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. సార్ టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు. ఈసారి బఘా అనలేదు. చేతిలోని పుల్ల జేబులో పెట్టేసుకున్నారు.

"గిది మన చిన్నదాంట్ల కనవడది అన్నా. నేత మస్తు చిక్కగున్నది. కరీంనగర్‌ల ప్రజ్ఞ డాక్టరమ్మ దగ్గర పెద్ద మైక్రోస్కోపు ఉన్నది. నేను ఫోన్ చేస్త, రేపే పోండ్రి."

బాపు మురిసిపోయాడు. తన నేతకు చిన్న మైక్రోస్కోపు చాలలేదని షెడ్డంతా చాటాడు. తెల్లారి ఇస్త్రీ అంగీ వేసుకుని, పెళ్లికి పోతున్నట్టు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

ప్రజ్ఞ డాక్టర్ నోరు చూసింది. మత్తు సూది ఇచ్చి, బుగ్గ నుంచి చిన్న ముక్క తీసింది. బాపు దూది నొక్కుకుంటూనే అడిగాడు. "డాక్టరమ్మా, గా పెద్ద మైక్రోస్కోపు యాడ?"

ఆమె నవ్వాపుకుని నన్ను పక్కకు పిలిచింది. "మీరు సుత విద్యాధర్ సార్ పంపినోళ్లేనా? చూపెట్టనీకి గసుంటిదేం లేదమ్మా ఇక్కడ. తంబాకు, గుట్కా నమిలేటోళ్లను రోగముందేమో చూపెట్టుమంటే మూతి ముడుచుకుంటరు. గందుకే సార్ కణాల పేరు చెప్పి అందరి నోళ్లు చూస్తడు. తెల్లమచ్చ కనవడితే పెద్ద మైక్రోస్కోపు పేరు చెప్పి మా దగ్గరికి తోలుతడు. మీ వాడోళ్లు చానమంది వచ్చిన్రు."

"బాపుకు ఏమున్నది మేడం?"

"మచ్చ ఉన్నది. సార్ చాప అంటడు సూడు, చెడ్డ కణాలు గా చాపను దాటినయా లేదా అన్నది పరీక్షల తెలుస్తది."

ఆ ఫలితం వచ్చేదాకా సార్ ఎవరినీ నోరు తెరవమనలేదు. వాడంతా ఆయనకు జ్వరమనుకుంది. ఫోన్ వచ్చిన మధ్యాహ్నం నేను అరుగు మీదికి పరుగెత్తి, "దాటలే సార్!" అన్నాను. ఆయన అక్కడే చతికిలబడి, నీలం వేళ్లతో కళ్లు తుడుచుకున్నారు. ముఖమంతా నీలమైంది. తంబాకు మానాలి, మచ్చను అప్పుడప్పుడు చూపించుకోవాలి అని డాక్టర్ గట్టిగా చెప్పింది.

బాపు బాధ వేరు. "సారూ, పెద్దది లేనే లేదట గద!"

"లేదన్నా."

"అబద్ధమాడిన్రు."

"ఆడిన."

బాపు "తంబాకు మానుత గని, ముందు నా బుగ్గ నాకు సూపియ్యాలె. గింత లొల్లి దేనికోసమో నేను సుత సూడాలె" అని నోరు తెరిచాడు.

సార్ చిక్కులో పడ్డారు. బుగ్గ ఇంకా పచ్చిపుండు, పుల్ల పెట్టరాదు. ఆయన పుల్లను బాపు నోట్లో తగలకుండా ఒకసారి తిప్పి, ఇటు తిరిగి, చప్పున తన బుగ్గ గీక్కున్నారు. నేను చూశాను. చెప్పవద్దని నాకు కళ్లతో సైగ చేశారు.

పలక సిద్ధం కాగానే బాపు ఒక కన్ను మూసి మైక్రోస్కోపు మీదికి వంగాడు. కండెల బుట్టతో వచ్చిన అవ్వ కూడా ఆగిపోయింది. బాపు చాలాసేపు తల ఎత్తలేదు.

"సందు లేదు సారు" అన్నాడు చివరికి, మెల్లగా. "గింత మంచి నేతను ఇన్నేండ్లు ఖరాబు చేసుకున్ననా!" జేబులోంచి తంబాకు డబ్బీ తీసి అవ్వ బుట్టలో పడేశాడు.

ఇప్పుడు షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ బాపు తన బుగ్గ కథ చెబుతాడు. "నా అంత చిక్కటి నేత సిరిసిల్లల ఇంకోనికి లేదు, కావల్నంటే సారునడుగు" అంటాడు. సార్ పక్కనే ఉంటే అవునవునని తలూపుతారు. విన్న నేతగాడు ఊరుకుంటాడా? "అట్లనా! నాది సుత సూడుండ్రి సారు" అని, అడగకముందే నోరు తెరుస్తాడు.