జోగమ్మ విన్నపాల పుస్తకం

జోగమ్మకు బాప్తిస్మమప్పుడు మార్తమ్మ అని పేరు పెట్టారు గాని, సంఘంలో తప్ప కంచరపాలెంలో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. పొద్దున్నే వంట ముగించి, చంకలో బైబిలు, చేతిలో అట్ట చిరిగిన నోటుపుస్తకం పెట్టుకుని రైలుకట్ట పక్క వీధులన్నీ తిరిగేది. సువార్త చెప్పడానికే బయల్దేరేది గాని, చెప్పేదానికంటే వినేదే ఎక్కువ. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఏ కోడలు రెండ్రోజులుగా అన్నం ముట్టలేదు, అన్నీ అడిగి రాబట్టేది. చెప్పుకున్నవాళ్ల గుండె తేలికపడేది. ఆ కష్టం పుస్తకంలోకి ఎక్కేది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, రేకుల షెడ్డులో, చాపల మీద పదిహేనుమంది ఆడవాళ్లు కూర్చుంటే జోగమ్మ లేచి ఒక్కొక్కటే చదివేది. మనిషి పేరు, చేసే పని, వచ్చిన రోగం, ఏదీ వదిలేది కాదు. ఆనవాలు చెప్పకుండా దేవుణ్ణి ఎలా అడుగుతామని ఆమె నమ్మకం. విన్నవాళ్లు కళ్లు మూసుకుని ఏడ్చేవాళ్లు, ఆమెన్ అని లేచి ఇళ్లకు పోయేవాళ్లు. ఆ షెడ్డులో అన్న మాట ఎన్నడూ గడప దాటలేదు.

పక్కింటి గౌరీశ్వరిది పదకొండేళ్ల పొరుగు. గూట్లో దీపం పెట్టుకునే మనిషి. ప్రార్థనకు రమ్మంటే, "మా దేవుళ్లు అలుగుతారు పిన్నీ" అని నవ్వేసేది. అలాంటిది, రెండు వేల మూడు వేసవిలో ఒకనాడు కొళాయి దగ్గర బిందె పక్కన పెట్టి జోగమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె మొగుడు ఎల్లారావు ఓడరేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నడుపుతాడు. అతనికి మూర్ఛ మొదలైంది.

"రెండుసార్లూ నిద్దర్లోనే వొచ్చింది. పనికాడ తెలిస్తే కిందికి దించేత్తారు. నీ దేవుడికి సెప్పు పిన్నీ. ఇంకెవరికీ సెప్పకు."

"నానెవరికి సెప్తానే," అంది జోగమ్మ.

ఆ పూటే పుస్తకంలో రాసుకుంది, శుక్రవారం చదివింది. ఆ పదిహేనుమందీ ఆమె లెక్కలో ఇంకెవరో కారు.

ఆ నెలలోనే పాస్టరు సత్యంగారు సంఘానికి వెబ్‌సైట్ పెట్టారు. ఎవరో దాత ఇచ్చిన కంప్యూటరు ముందు కూర్చుని ఆయనే రెండు వేళ్లతో కొట్టేవారు.

"వీధులు తిరిగి ఎంతమందికి చెప్పగలం మార్తమ్మా? ఇందులో పెడితే ఎక్కడెక్కడివాళ్లో మన కోసం మోకరిస్తారు. నీ పుస్తకం ఓసారి ఇయ్యి."

జోగమ్మ కొంగుతో అట్ట తుడిచి మరీ ఇచ్చింది. అయిదో తరగతి చదువు రాత దేశాలు దాటుతోందని ఆ రోజంతా ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు.

పది రోజులు గడిచాయి. ఎల్లారావుతో పనిచేసే ఒకతని అక్క కువైట్‌లో ఇంటిపనికి ఉంది. అక్కడి తెలుగు ప్రార్థనలో ఎవరో ఆ విన్నపం చదివితే, కంచరపాలెం అనగానే ప్రాణం లేచొచ్చి తమ్ముడికి ఫోను చేసింది. అతను టీ వేళ అందరి ముందూ ఎల్లారావు భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, నీకు మూర్ఛంట గదా. మా అప్ప నీ కోసం కువైట్లో ఉపోసముంటంది."

ఎకసెక్కానికి అనలేదు, జాలితోనే అన్నాడు. పక్కనున్న సూపర్‌వైజరు టీ గ్లాసు కింద పెట్టాడు. మర్నాడు డాక్టరు దగ్గరికి పంపారు. ఆ మర్నాటి నుంచి ఎల్లారావు కింద బస్తాల దగ్గర కూలి.

ఆ సాయంత్రమే గౌరీశ్వరి వచ్చి జోగమ్మ గుమ్మం బయటే నిలబడింది.

"ఎవరికీ సెప్పనన్నావు."

"దేవుడికే సెప్పేనే."

"నీ దేవుడు కువైట్లో ఉంటన్నాడా? ఆడినుంచి ఫోను సేసేడా?"

జోగమ్మ గుమ్మం దాటి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. గౌరీశ్వరి వెనక్కి జరిగింది.

"నీ సెవిలో ఏత్తే నీకాడే ఉంటాదనుకున్నాను. ఇంక మా గుమ్మం తొక్కకండి జోగమ్మగారూ."

పదకొండేళ్లలో ఆ నోటి నుంచి 'గారూ' రావడం అదే మొదలు. జుట్టు పట్టుకుని తిట్టినా బాగుండేది.

తన కళ్లతో చూస్తే గాని మనసు ఆగలేదు. రైల్వే గేటు పక్కన కన్నబాబు నడిపే ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి ఆ పేజీ తీయించింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కటీ తెలియలేదు. కన్నబాబు వేలు పెట్టి చదివాడు: ఎల్లారావు, క్రేను ఆపరేటరు, కంచరపాలెం, మూర్ఛ, భార్య గౌరీశ్వరి. అన్నీ ఆమె రాసినవే.

"తుడిసెయ్ బాబూ."

"నాను తుడవలేనమ్మా, పెట్టినోళ్లే తియ్యాల. తీసినా, సదివేసినోళ్ల బుర్రలోంచి ఎవుడు తీత్తాడు?"

పాస్టరుగారు ఆ రోజే తీసేశారు. నొచ్చుకున్నారు కూడా. "పైనుంచి పడిపోకుండా దేవుడే దించాడేమో మార్తమ్మా, అలా అనుకో," అన్నారు. ఆ ఆలోచన జోగమ్మకూ వచ్చింది. నిజమే కావచ్చు. కాని దిగవలసింది అతను తన నోటితో తను చెప్పుకుని. ఆయన కంప్యూటరులోంచి అచ్చు తీసిన ఒక కాగితం చేతిలో పెట్టారు, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎల్లారావు కోసం ప్రార్థిస్తున్నామని రాసిన ఉత్తరాలు. దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. తీసుకెళ్లి ఇద్దామంటే తొక్కడానికి ఆ గుమ్మం లేదు.

మాట వీధంతా పాకింది. కొళాయి దగ్గర ఆమె కనబడగానే మాటలు ఆగిపోయేవి. ఏ ఇంట్లో అడిగినా, "అందరం బాగున్నాం పిన్నీ." ఒకావిడైతే, "మా ఆయన దగ్గు కూడా కంప్యూటర్లో ఎక్కించేత్తావేటి?" అనేసింది. శుక్రవారం షెడ్డులో జోగమ్మ లేచి, పుస్తకం తెరిచి, తెల్లకాగితం చూసి కూర్చుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గోడ అవతల మంచం కోడు టకటకా నేలకు కొట్టుకుంది. అతని చేతిలో ఇనుము పెడదామని జోగమ్మ తాళాల గుత్తి అందుకుని పరుగెత్తింది. తలుపు గడియ వేసి ఉంది.

"గౌరీ, ఆడ్ని పక్కకి తిప్పు. నానొచ్చి పట్టుకుంటాను, తలుపు తియ్యే."

చప్పుడు మెల్లగా తగ్గింది. చాలాసేపటికి లోపలినుంచి గౌరీశ్వరి, ఆయాసపడుతూ, "ఏటీ లేదండి. మీరెల్లండి," అంది.

జోగమ్మ ఇంట్లోకొచ్చి గోడవైపు మోకరించింది. అలవాటు కొద్దీ పేరు, పని, రోగం నోటిదాకా వచ్చాయి. పెదవులు బిగించింది. ఏమని అడగాలో తెలియక గోడకు చెవి ఆనించి, అవతల మనిషి లేచిన అలికిడి ఎప్పుడవుతుందా అని అలాగే ఉండిపోయింది.