అత్త ముక్కు, ఆఫీసు చక్రం

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను కాఫీ తోటలో ఒక టూరిస్టు కుటుంబానికి ఫొటోలు తీస్తున్నాను. ఫోన్ చేసింది చిన్నాన్న కొడుకు.

"ఒరే, అత్త పోనాది."

"ఎవులు సెప్పినారు?" అన్నాను.

"నానే సూసినాను రా. బేగి రా," అన్నాడు.

అలా అడిగినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. కానీ ఆ ప్రశ్న నాది కాదు, అత్తదే. ఎవరేం చెప్పినా ఆమె మొదట అడిగేది అదే. "ఎవులు సెప్పినారు? ఆల్లు ఎక్కడ నిలబడి సూసినారు?" రేపు వాన పడుతుందని టీవీ చెప్పినా అంతే, చుట్ట మానకపోతే ఏడాది కూడా బతకవని డాక్టరు చెప్పినా అంతే. ఆ డాక్టరు మాట తర్వాత ఆమె పదకొండేళ్ళు బతికింది.

అత్త అంటే మా నాన్నకి అక్క. అరకు పక్కన డుంబ్రిగుడ దాటాక కొండవాలున ఉన్న ఊళ్ళో సొంత కాఫీ మొక్కలతో ఒక్కతే ఉండేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. నిప్పు లోపలే ఉంచుకుని మాట్లాడేది, నవ్వేది, కోళ్ళని తిట్టేది. చుట్ట బయటికి తీసిందంటే మాత్రం మనకి మూడిందన్నమాట.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. జీపు మీద క్లీనరుగా, వైజాగ్ హోటల్లో, టైడాలో టూరిస్టు కాటేజీల దగ్గర పనిచేశాను. ఎక్కడా నాలుగు నెలలు నిలవలేదు. చివరికి టూరిస్టులని తోటల్లో తిప్పే పని పట్టుకున్నాను. కాఫీ గింజలు కొనే ఆఫీసులో రుచి చూసే అసిస్టెంటు కావాలని తెలిసినప్పుడు ఎగిరి గంతేశాను. సర్టిఫికెట్ అక్కర్లేదట, ముక్కూ నాలుకా చాలట. అలాంటి ఉద్యోగం నా జన్మకి ఇంకోటి దొరకదని నాకు తెలుసు.

పరీక్ష ఏమిటంటే, బల్ల మీద ఆరు కప్పులుంటాయి. చెంచాతో తీసి చప్పుడయ్యేలా జుర్రి, ఉమ్మేసి, అది దేని వాసనో రాయాలి. గోడ మీద విదేశాల నుంచి వచ్చిన రంగుల చక్రం ఒకటి ఉంది. అందులో వాసనల పేర్లుంటాయి. నేను వాటిని రాత్రీ పగలూ బట్టీ పట్టాను. బ్లూబెర్రీ పండుని జన్మలో చూడలేదు. అయినా మొదటిసారి ఆరు కప్పులకీ బ్లూబెర్రీ అనే రాశాను. రెండోసారి తెలివిగా మూడింటికి బ్లూబెర్రీ, మూడింటికి బెర్గమోట్ అనే ఏదో విదేశీ నిమ్మకాయ పేరు రాశాను.

పరీక్ష పెట్టే మేడమ్ నా కాగితం చూసి, "ఐదో కప్పులో ఉత్త వేణ్ణీళ్ళు పోశాను బాబూ. అందులో నీకు బెర్గమోట్ వచ్చిందా?" అంది. ఇంకొక్కసారే చూస్తానంది.

అత్తకి చెబితే పొలమారేదాకా నవ్వింది. "తెలీకపోతే తెలీదను. తెలిసిందాన్ని తెలిసిందను. ఈ రెండూ సేతగాకే కదరా బడి మానేసినావు!"

పోయిన చలికాలం మేడమ్ ఒక అతిథిని తోటలు చూపించడానికి తీసుకొచ్చింది. ఆమెది ఇథియోపియా, ఆమె కూడా కాఫీ రైతే. దారి చూపించే పని నాది. టూరిస్టుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో ఆమెని ఆప్యాయంగా పలకరించాను. "మీ వీధుల్లో సింహాలు తిరుగుతాయా?"

ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా, "లేదు. మీ వీధుల్లో?" అంది.

ఇదేదో పెద్ద జోకని, వాళ్ళిద్దరినీ అత్త ఇంటికి తీసుకెళ్ళి గుమ్మంలోకి అడుగు పెడుతూనే చెప్పాను. అత్త చుట్ట బయటికి తీసింది.

"మొన్న జీపులో వచ్చిన సారు నిన్నేటడిగినాడు?"

"ఇంకా బాణాలేసి ఏటాడతారా అన్నాడు."

"నీకు కోపమొచ్చిందా నేదా?"

"వచ్చింది."

"నీకు తగిలిన రాయే ఏరుకొని ఆ పిల్ల మీదకి ఇసిరినావేట్రా, గుంటడా! సింహాలు నువ్వెక్కడ సూసినావు?"

"టీవీలో."

"ఆ టీవీవోల్లు ఎక్కడ నిలబడి తీసినారు?"

"జీపులో కూకొని."

"ఊల్లోకి దిగినారా?"

"నేదు."

"మరి మన ఊరి గురించి కూడా జీపు దిగనోడే సెప్తాడు. నువ్వు తిప్పుతావు కదా ఆల్లని, నీకు తెలీదేటి?"

ఈలోగా అతిథి అరుగు మీదున్న చేట దగ్గర ఆగిపోయింది. చేటలో వలిసె గింజలు ఉన్నాయి. శీతాకాలంలో అరకు అంతా పసుపుపచ్చగా పూసే పంట, టూరిస్టులు తొక్కి సెల్ఫీలు దిగేది. మేము నూనె ఆడించుకునేది. ఆమె గుప్పెడు తీసి వాసన చూసి మేడమ్ వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది. తమ దేశంలోనూ ఇవే పండిస్తారట, వీటి నూనే వాడతారట.

నేను తెలుగులో చెప్పగానే అత్త, "అయితే సుట్టాలే కదేటి! నిలబెట్టేసినావేట్రా, పీటెయ్యి," అంది.

ఆ చుట్టం అత్త మూకుడు అడిగి తీసుకుని పొయ్యి మీద కాఫీ గింజలు వేయించింది. పొగ వస్తున్న మూకుడుని ఒక్కొక్కరి ముక్కు ముందుకీ తీసుకెళ్ళింది. వాళ్ళ ఇళ్ళల్లో అదే మర్యాదట. తర్వాత కాచి మూడుసార్లు పోసింది. ముప్పై ఏళ్ళు కాఫీ పండించిన మా అత్త కాఫీ తాగడం అదే మొదటిసారి. ఆమెకి కాఫీ అంటే అమ్మేది. తాగేది అంబలి.

మేడమ్ ఊరుకోలేక అడిగేసింది. "దేని వాసన వస్తోందమ్మా?"

"సీతాపలం. బాగా పండిపోయి రాయి మీద పడి సితికిపోద్ది సూడు, అది."

మేడమ్ ఫోన్లో చక్రం తెరిచి అటూ ఇటూ తిప్పింది. సీతాఫలం లేదు. అతిథి నవ్వి చెప్పింది. వాళ్ళ నాయనమ్మ కాఫీ వాసనని అడవితేనె పేర్లతో చెప్పేదట. ఏ చెట్టు పూసినప్పుడు పట్టిన తేనె అన్నది కూడా చెప్పేదట. అవేవీ చక్రంలో లేవు. ఎన్నో తరాలుగా కాఫీ కాచుకు తాగుతున్నవాళ్ళు కూడా అమ్మకానికి వచ్చేసరికి ఎప్పుడూ తినని పళ్ళ పేర్లు నేర్చుకున్నారట.

నాకు రక్తం పొంగింది. "అయితే ఆ సక్రం గీసిన తెల్లోల్లకి ఏటీ తెలీదు! ఈ ముక్క మన సుట్టానికీ సెప్తానుండు, అసలు కాఫీ పుట్టిందే మన కొండల్లో!" అని, ఊపులో ఇంగ్లీషులో కూడా చెప్పేశాను.

అతిథి కప్పు కింద పెట్టింది. "అవునా? మరి మా ఇంట్లోంచి మీరెప్పుడు తెచ్చుకున్నారో!"

కాఫీ మొక్క పుట్టిల్లు వాళ్ళ దేశమేనట. మేడమ్ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయింది. నేను ఎటు పోవాలో తెలియక వలిసెలు చెరగడం మొదలుపెట్టాను.

సంగతి తెలిశాక అత్త మెల్లగా అంది. "ఆ సక్రం గీసినోల్లు ఆల్లు తిన్నయి గీసుకున్నారు. తప్పేటుంది? ఆల్లు తిననియి నోకంలోనే నేవనుకుంటే అది తప్పు. నువ్వు సేసిందీ అదే. మనోడివని నిన్నొగ్గేత్తానేటి?"

మూడో పరీక్ష అత్త దినాలైన నాలుగో రోజున పడింది. రెండు కప్పుల వాసన నాకు అందలేదు, 'తెలీదు' అని రాశాను. మూడు తేలిగ్గానే తెలిశాయి. ఆఖరి కప్పు మీదకి వంగేసరికి తెల్లారగట్ట రాలి చాప మీద సగం ఎండిన ఇప్పపువ్వు వాసన వచ్చింది. చేయి అలవాటుగా చక్రంలోని ఎండుద్రాక్ష పేరు రాయబోయింది. పెన్ను కాసేపు పక్కన పెట్టాను. తర్వాత తెలుగులో 'ఇప్పపువ్వు' అని రాసి, భయంతో కింద గీత కూడా గీశాను.

మేడమ్ ఆ మాట మీద వేలు పెట్టింది. "ఈ వాసన నాకు తెలీదు. తెలియనిదాన్ని రైటని ఎలా వేస్తాను? తప్పని ఎలా కొట్టేస్తాను? చూపించు."

మర్నాడు పొద్దున్నే మా ఊరి పైనున్న ఇప్పచెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే ఆడవాళ్ళు పూలు ఏరుతున్నారు. మేడమ్ బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలితో పూలు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ వాసన చూసింది. మళ్ళీ పూలు. మళ్ళీ కాఫీ.

"సోమవారం తొమ్మిదికల్లా ఆఫీసుకి పనిలోకి వచ్చెయ్. ఆలస్యంగా వస్తే ఊరుకోను," అంది తల ఎత్తకుండానే.

వస్తానన్నాను. ఆమె విన్నట్టు లేదు. కళ్ళు మూసుకుని ఇంకో దోసిలి ఎత్తింది. పూలు ఒక్కొక్కటే రాలి ఆమె వీపు మీదా జుట్టులోనూ పడుతున్నాయి. పక్కనే ఏరుతున్న ముసలామె కాసేపు చూసి, ఊరికే కూర్చున్నావు కదా అన్నట్టు, ఖాళీ బుట్ట ఒకటి ఆమె ముందుకి తోసింది.