నైటు వెంట పంపిన చీర

మా అత్తమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను ఆమె కుక్కను తిడుతున్నాను. ఇందులో వింతేమీ లేదు. మందమర్రిలోని మా కంపెనీ క్వార్టర్లో నేను ఏదో ఒక కుక్కను తిట్టని సమయం వెతకడమే కష్టం. ఆ రోజు నైటు అనే నల్లకుక్క నా కుట్టుమిషన్ కింద దూరి, ఎవరిదో పెళ్లి జాకెట్టు గుడ్డ మీద హాయిగా పడుకుంది. చెవి పట్టుకొని బయటికి లాగుతుంటే ఫోను మోగింది. దవాఖాన నుంచి మా ఆయన. "అవ్వ పోయిందే" అన్నాడు. నేను చెవి వదిలేశాను. నైటు మళ్లీ వెళ్లి అదే గుడ్డ మీద పడుకుంది. ఆ రోజుకు లేపలేదు.

మా కాలనీ సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి రిటైరైతే కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాలి. మంచాలు, బీరువా, గ్యాసుబండ, ఆఖరికి వరండాలోని తులసికుండీ కూడా ట్రాలీ ఆటో ఎక్కుతాయి. ఇన్నేళ్లూ ఆ ఇంటి ముద్ద తిన్న కుక్క మాత్రం ఎక్కదు. "కాలనీ కుక్క, కాలనీల్నే బతుకుతది తీ" అంటారు. అది ఆటో వెనక కొంత దూరం ఉరికి, తిరిగొచ్చి, తాళం వేసిన తలుపు ముందు కూర్చుంటుంది. కొత్తవాళ్లు దిగితే దొంగలనుకొని మొరుగుతుంది, దెబ్బలు తింటుంది, అయినా కదలదు. కూరగాయలకని బయల్దేరిన మా అత్తమ్మ ఇలాంటి తలుపుల ముందు ఆగిపోయేది. వంకాయలు రావలసిన సంచిలో కుక్కపిల్ల వచ్చేది.

"గిదేంది అత్తా?"

"పది దినాలే బిడ్డా. మంచి ఇల్లు సూసి ఇచ్చేద్దాం."

"వంకాయలేవి?"

"రేపు తెస్త తీ."

ఏ కుక్కకైనా పది దినాలే. ఆ పది దినాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ఆమెకే తెలియాలి. ఒకటి పోయేలోపు ఇంకోటి వచ్చేది, కొన్నిసార్లు జంటగా వచ్చేవి. పేర్లు ఇంకో పరేషాన్. బాయిలో ఏ షిఫ్టు నడుస్తున్నప్పుడు దొరికితే అదే పేరు. పస్టు, సెకండు, నైటు, అంతే. ఒక ఎండాకాలం మా ఇంట్లో అన్నీ సెకండులే. ఒకదాన్ని పిలిస్తే అన్నీ ఉరికొచ్చి నా కాళ్లకు అడ్డం పడేవి. వేరే పేర్లు పెట్టరాదా అని అడిగితే, "మనమేమన్న ఉంచుకుంటమా? అసలు పేరు వాటి ఇంటోళ్లు పెట్టుకుంటరు" అనేది.

నేను వరండాలో మిషన్ వేసుకొని జాకెట్లు కుడతాను. నా జాకెట్టు వేసుకున్న ఒకావిడ అక్షింతలు వేసేటప్పుడు కూడా వీపు గోక్కుంటూనే ఉందట. మర్నాడు వచ్చి నా మీద పడింది. తప్పు ఆమెది కాదు, లైనింగులో అరడజను కుక్కల బొచ్చు ఉంది. నా మంచి కుక్కర్లో అత్తమ్మ చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కాళ్లూ మెడలూ నూకలతో కలిపి ఉడికించేది. చింతపండు పెట్టి ఎంత తోమినా ఆ వాసన పోయేది కాదు. మా పప్పుకు కూడా ఆ రుచే. నల్లా వచ్చేదే కాసేపు, ఆ కాసేపట్లో కుక్కల స్నానాలు. బొగ్గు దుమ్ములో పొర్లి వచ్చిన తెల్లకుక్క ఎన్ని బకెట్లు పోసినా తెల్లబడేది కాదు. ఇక సైరన్. షిఫ్టు సైరన్ మోగగానే అన్నీ మెడలెత్తి ఏడుపు అందుకునేవి. మా అమ్మతో ఫోనులో ఒక్క మాట సక్కగా మాట్లాడిన పాపాన పోలేదు.

అత్తమ్మకు ఒక పద్ధతి ఉండేది. తాళం తలుపు దగ్గర దొరికిన కుక్కను ఊరికే తెచ్చేది కాదు. ఆ గడప దగ్గర వాళ్లు పారేసిపోయిన గోనెసంచో, చినిగిన బనీనో వెతికి, దాన్ని కూడా వెంట తెచ్చేది. కొత్తగా వచ్చిన కుక్క దాని మీద ముక్కు ఆనించి పడుకునేది. అలా మా వరండా నిండా కాలనీ అందరి మాసిన గుడ్డలే. ఒకసారి ఒళ్లు మండి ఒక గోనెపట్టా నానబెట్టి ఉతికేశాను. సాయంత్రానికల్లా దాని కుక్క గోడ దూకి పాత తలుపు దగ్గరికి పోయింది. అత్తమ్మ వెళ్లి తెచ్చింది. నన్నేమీ అనలేదు కానీ, తీగ మీద ఆరుతున్న పట్టా వంక చూస్తూ నిలబడింది.

"కుక్కకు ఇల్లు కండ్లల్ల ఉండదు బిడ్డా, ముక్కుల ఉంటది. నువ్వు సర్ఫు ఏసి దాని ఇల్లే పిండినవ్."

పంపేటప్పుడూ అంతే. మా ఇంట్లో ఆ కుక్క ఎవరి మీద బెంగపెట్టుకుంటుందో, వాళ్లు కట్టి విడిచిన గుడ్డ ఒకటి దాని వెంట పోవాలి. ఎవరో ఎలా తెలుస్తుందంటే చెప్పేది కాదు. కొన్నాళ్లు గమ్మున చూసేది, ఒకరోజు తీసి చుట్టేది. మా ఆయన స్నానం చేసి తువ్వాల కోసం కేకేస్తే, ఆ తువ్వాల అప్పటికే ఏదో కుక్క వెంట నస్పూర్ చేరి ఉండేది. ఎక్కువగా ఆమె చీరలే పోయేవి. అలా పోయి పోయి చివరికి ఆమెకు కట్టుకోవడానికి కొన్నే మిగిలాయి. నా గుడ్డలు మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. ముట్టడానికి నా మీద బెంగపెట్టుకునే కుక్క ఏముంది? నేను తిట్టేదాన్ని కదా.

కుక్కను అడగడానికి వచ్చినవాళ్ల పరిస్థితి చూస్తే జాలేసేది. పిల్లనిచ్చేవాళ్లు కూడా అంత ఆరా తీయరు. చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, ఇంటి ముందు నీడ ఉందా, గొలుసుతో కడతారా అని మొదలుపెట్టి, చివర్న అసలు ప్రశ్న వేసేది: "మీరంత దావతుకు పోతే దీన్ని ఎవలు సూస్తరు?" నీళ్లు నమిలినవాళ్లకు ఇంకో చాయ్ ఇచ్చి పంపేసేది. ఇచ్చిన తర్వాత కూడా వదిలేది కాదు. పిలవని చుట్టంలా పోయి చూసొచ్చేది. ఒకచోట కరెంటు తీగతో కట్టేశారని ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకొని వెనక్కి తెచ్చింది. సీటు పాడైందని ఆటో అతను మా గుమ్మంలో లొల్లి చేస్తుంటే, నేను బయటికొచ్చి అతనితో పోట్లాడాను. ఎందుకు పోట్లాడానో ఇప్పటికీ తెలియదు. సీటు నిజంగానే పాడైంది.

నైటును మాత్రం ఎవరూ అడగలేదు. ముసలిది. బండి గుద్ది వెనక కాలు వంకరైంది. దానికీ నాకూ పడదు. అత్తమ్మ మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి దాని ముద్ద నా మీద పడింది. ముద్ద పెట్టేదాన్ని, తిట్టేదాన్ని, రెండూ ఒకేసారి. నేను మిషన్ తొక్కుతుంటే వచ్చి పెడలు పక్కనే పడుకునేది. ఇల్లంతా ఉండగా అక్కడే ఎందుకు చావాలి అని కసిరేదాన్ని. ఫ్యాన్ గాలి అక్కడికి బాగా వస్తుంది, అందుకేననుకున్నాను.

ఇంతలో మా వంతు వచ్చింది. మామ పోయాక ఆయన కొలువు మా ఆయనకు వచ్చింది, ఇప్పుడు ఈయన రిటైర్మెంటు. నస్పూర్లో ఒక ఇంటి పైఅంతస్తు అద్దెకు మాట్లాడుకున్నాం. కుక్కలు వద్దని ఇంటాయన ముందే చెప్పాడు. సరిగ్గా అప్పుడే అత్తమ్మకు ఆయాసం ముదిరి దవాఖానలో చేర్పించాం. ముక్కుకు గొట్టం పెట్టుకొని కూడా ఆమెకు వేరే ధ్యాస లేదు.

"మనం పోయేనాడు మన తలుపు ముంగట ఎవలు కూసోవద్దు బిడ్డా" అన్నది.

"కూసోరు తీ. అన్నిట్నీ ఇచ్చేద్దాం. నువ్వు ఫికర్ చెయ్యకు."

కాసేపు ఊపిరి తీసుకొని, "నీ పాత చీర ఒకటి తీసిపెట్టు పిల్లా. మిషన్ కాడ కట్టేది" అన్నది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మంచంలో ఉండి కూడా ఏ కుక్కకు పరుపు వేయాలని చూస్తోందో అనుకున్నాను. "నా చీరలెందుకు అత్తా, నీవి లేవా? ముందుగాల మంచిగై ఇంటికి రా" అన్నాను. ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గైంది. దగ్గు తగ్గాక "గట్లనే తీ" అని అటువైపు తిరిగి పడుకుంది.

ఇంటికి రాలేదు.

దినాలయ్యాక మా ఆడబిడ్డ అత్తమ్మ చీరలన్నీ మూటకట్టి ఇచ్చేసింది, పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచవద్దని. ఆమె చూడకుండా ఒకటి తీసి బియ్యం డబ్బా వెనక దాచాను, నైటు కోసం. మిగతా కుక్కలకు ఇళ్లు వెతికాను. చాయ్ పెట్టి, దావతు ప్రశ్న అడిగి మరీ ఇచ్చాను. నేను అడుగుతుంటే మా ఆయన తల వంచుకొని నవ్వుకున్నాడు. ఆయన తువ్వాలలు మళ్లీ తగ్గాయి. ఇక నైటు మిగిలింది. ఖానాపూర్ నుంచి ఒక రైతూ ఆయన భార్యా పరామర్శకు వచ్చారు. ఎప్పుడో అత్తమ్మ దగ్గర ఒక సెకండును తీసుకుపోయినవాళ్లు. "ముసల్దైతేంది అక్కా, మక్కచేను కాడ ఇంత నీడకు పంటది" అన్నది ఆమె. అత్తమ్మ చీర చుట్టి ఇచ్చాను. నైటును ఆటోలోకి ఎత్తుతుంటే నా చెయ్యి నాకింది. పో పోవే అని కసిరి, లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

రెండు రోజులకే ఆ రైతు భార్య ఫోను చేసింది.

"అక్కా, ముద్ద ముడుతలేదు. గేటు కాడనే కూసుంటుంది."

"చీర పరిచినవా?"

"పరిచిన. వాసన సూసి, పక్కకు పోయి మట్టిల పండుకుంది."

నా ఒళ్లు మండిపోయింది. ఇక్కడ సగం సామాను కట్టి, సగం కట్టక నేను చస్తుంటే, అక్కడ దాని అలక. ఫోనులోనే అందుకున్నాను. "ఏందే నీ నకరాలు? మంచి ఇల్లు, మంచి నీడ దొరికితే పొగరెక్కిందా? ముద్ద తింటవా, నన్ను రమ్మంటవా?"

"అక్కా, జర ఆగు" అన్నది ఖానాపూర్ ఆమె. తర్వాత మెల్లగా, "ఇంకింత తిట్టు అక్కా. నీ గొంతు ఇని కుంటుకుంట ఉరికొచ్చింది. ఫోను నాకుతుంది" అన్నది.

మిషన్ ముందు అలాగే కూర్చుండిపోయాను. పెడలు పక్కన గచ్చు మీద, అది పడుకునే చోట, నల్లటి మరక అలాగే ఉంది. ఫ్యాన్ గాలి అక్కడికి రానే రాదు. ఇన్నేళ్లు చూడలేదు. మిషన్ కాడ కట్టే చీర ఎవరి కోసం అడిగిందో అప్పుడు తెలిసింది. నాకు మొదట వచ్చింది కోపమే. ఇంత మాటను దగ్గు మధ్యలో అని ఊరుకుంటారా ఎవరైనా? అది నిన్నే యాది చేసుకుంటది అని సూటిగా చెప్పడానికేం? చెబితే నేను ఒప్పుకునేదాన్నా అంటే, అది వేరే సంగతి. కొంగు నోట్లో కుక్కుకొని చాలాసేపు ఏడ్చాను. దవాఖానలో ఏడవలేదు, దినాల్లో ఏడవలేదు, ఒక కుంటికుక్క ఫోను నాకిందంటే ఏడ్చాను.

మర్నాడు మంచిర్యాలలో బస్సు మారి ఖానాపూర్ పోయాను. బయల్దేరేముందే ఒంటి మీది పాత చీర, మిషన్ కాడ కట్టేది, విడిచి సంచిలో పెట్టుకున్నాను. మిషన్ నూనె మరకలు, దారం పోగులు, ఏదీ దులపలేదు. పాకలో పరిచాను. నైటు ముందు నన్ను అటూ ఇటూ తోసి, నా చుట్టూ తిరిగి, తర్వాత చీరను ముక్కుతో ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసుకొని, దాని మీద చుట్టుకొని పడుకొని గట్టిగా ఊపిరి వదిలింది. ముద్ద పెట్టి పక్కన కూర్చున్నాను. తిట్టాను. తిన్నది. అది నిద్రపోయాక లేచి వచ్చాను. ఖానాపూర్ ఆమె అత్తమ్మ చీరను మడతపెట్టి నా చేతికి ఇచ్చింది. "గిది దానికి అక్కెర లేదు అక్కా, నువ్వు తీస్కపో" అన్నది.

క్వార్టర్ ఖాళీ చేసిన రోజు వరండా ఊడ్చి కడిగాను. ఎన్నేళ్ల నుంచో ఇలాంటి వరండా కావాలని అడుగుతున్నాను. బొచ్చు లేదు, గోనెపట్టాలు లేవు. మా ఆయన తాళం వేశాడు. సామానుతో పాటు ట్రాలీ ఎక్కి కూర్చున్నాం. షిఫ్టు సైరన్ మోగింది. మోగినంతసేపూ నేను మా కుక్కల ఏడుపు మొదలవుతుందని ఎదురుచూశాను. మొదలవలేదు. వెనక్కి తిరిగి చూశాను. మా తలుపు ముందు ఎవరూ కూర్చోలేదు.

బండి మలుపు తిరిగింది. "ఆ గుడ్డమూట వెనక పెట్టరాదే, ఒళ్లో ఎందుకు?" అన్నాడు మా ఆయన. నేను పెట్టలేదు. నస్పూర్ దాకా అత్తమ్మ చీర నా ఒళ్లోనే ఉంది. ఉతకలేదు.