లేపకుండా లేచిన యోబు

శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా భాగోతాల్లో రాజు వేషం కట్టేవాళ్లకు కొదవ లేదు. మెడలో పూసల దండ, చేతిలో అట్టకత్తి ఉంటే ప్రతివాడూ రాజే. చావడం మాత్రం అలియాబాద్ యోబుకే తెలుసు. అతను చస్తున్నాడంటే గౌడవెల్లి వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవారు. కత్తిపోటు తగలగానే తూలేవాడు. తూలినవాడు పడతాడా అంటే పడడు. దప్పికని సైగ చేసి, శత్రువును తిట్టిపోసి, తన పాపాలు తలుచుకుని ఒక పాట, పెళ్లాన్ని ఊరికి అప్పగిస్తూ ఇంకో పాట పాడి, ముందు కూర్చున్న ముసలమ్మల చేత ముక్కులు చీదించి, అప్పుడు పడేవాడు. పడ్డాక కూడా ఒక కాలు కాసేపు కొట్టుకునేది. ఆ కాలికి వేరే ఈలలు. పొడిచినవాడు పాపం, కత్తి చంకన పెట్టుకుని తన వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడేవాడు.

మేళం పెద్ద మొగులయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. ఆటలో చచ్చినవాడు తనంతట తాను లేవకూడదు. మంగళం పాడాక మొగులయ్య నీళ్లు చల్లి, సొంత పేరు పెట్టి పిలిస్తేనే లేవాలి. లేకపోతే చావు వేషాన్ని వదిలి మనిషిని పట్టుకుంటుందని ఆయన నమ్మకం. ఆయన నమ్మకం ఒక ఎత్తు, యోబు తల్లి పెంటమ్మ నమ్మకం ఒక ఎత్తు. ఆట ముగించుకుని కొడుకు ఇంటికి రాగానే తలుపు వెనక నుంచి "నిన్ను లేపిండ్రా?" అని అడిగేది. లేపారంటేనే గొళ్లెం తీసేది. ఆ ఇల్లు బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. దేవుడు మారాడు గానీ గొళ్లెం మారలేదు.

అది యుద్ధం మూలంగా దీపాలకు గ్యాసునూనె కరువైన ఏడాది. చర్చి కోతపండుగకు పట్టపగలే ఒక ఆట ఆడించాలని పాదిరి పరంజ్యోతి గారికి బుద్ధి పుట్టింది. ప్రభువు ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకును పాడె మీద నుంచి లేపిన కథ. చచ్చే కొడుకు ఎవరని ఎవరూ అడగలేదు. యోబు పొంగిపోయాడు. ఇన్నేళ్లలో కథే తనను లేపబోతున్న వేషం ఇదొక్కటే. ఇక మొగులయ్య నీళ్లతో పని లేదు.

చిక్కల్లా ఒక్కటే. కథ మొదలయ్యేసరికే కొడుకు పాడె మీద ఉంటాడు. యోబుకు ఇది అన్యాయమనిపించింది.

"అయ్యగారు, సావకుండ పీనుగెట్లయిత? జనం నమ్మొద్దా?" అన్నాడు.

పాదిరి గారు ఆలోచించి, సరే, కొంచెం చావమన్నారు. అక్కడే ఆయన పప్పులో కాలేశారు. యోబుకు కొంచెం చావడం రాదు.

పైగా ఈసారి జబ్బు చావు. కత్తిపోటుకు ఒక హద్దుంటుంది, జ్వరానికి హద్దేముంది? యోబు మూలిగాడు, వణికాడు, కలవరించాడు, కాస్త కోలుకుని మళ్లీ పడ్డాడు. మొదటి పాట అయింది, రెండో పాట అందుకున్నాడు. ప్రభువు మాటలు పలకాల్సిన పాదిరి గారు తెర వెనక నుంచి దగ్గారు. చెరువు వైపు నుంచి మబ్బు లేచింది. చివరికి కాలు కొట్టుకోవడం కూడా ఆగి, నలుగురు పాడె ఎత్తుకున్నారో లేదో, కుంభవృష్టి. పాడెను అక్కడే దించేసి అందరూ చర్చిలోకి పరుగెత్తారు. బైబిలు తడవకుండా కోటు కింద పెట్టుకుని పాదిరి గారూ పరుగెత్తారు.

యోబు కదల్లేదు. ఆటగాడు గదా. ముఖానికి పూసిన బూడిద కారి నోట్లోకి పోతున్నా చచ్చే ఉన్నాడు. ముక్కులోకి నీళ్లు పోయి తుమ్మొచ్చినప్పుడు మాత్రం ఒక కన్ను తెరిచాడు. లేపేవాడు లేడు సరే, చూసేవాడూ లేడు. లేచి, దులుపుకుని, ఇంటిదారి పట్టాడు.

సందు మొగలోనే పసిగుడ్డు ఏడుపు వినిపించింది. తను రెండో పాట పాడుతున్న వేళ ఇంట్లో భార్య ఎస్తేరు కొడుకును కన్నది. యోబు ఉరికాడు. తలుపు మూసి ఉంది.

"నిన్ను లేపిండ్రా?"

లేపారంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. లోపల బిడ్డ ఏడుస్తుంటే బయటికి రాలేదు. ఎన్నో చావులు చచ్చినవాడికి అప్పుడు మొదటిసారి భయమేసింది.

"వానొచ్చిందమ్మా."

"అయితే నువ్వు లేవనట్టే. బాలింత ఉన్నింట్ల అడుగు వెట్టకు."

ఎస్తేరు లోపల నుంచి బతిమాలింది. గొళ్లెం కదల్లేదు. యోబు చర్చికి పరుగెత్తేసరికి, వాన వెలియగానే పాదిరి గారు మేడ్చల్ వెళ్లి రైలెక్కారని తెలిసింది. ఏవో పెద్ద సభలు, వచ్చే ఆదివారం దాకా రారు. మొగులయ్య కాళ్ల మీద పడ్డాడు. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"నా మేళంల సస్తే నేనే లేపుదు. పాదిరి సంపినోన్ని నేను లేపితే రేపు ఆయనకు మొఖమెట్ల సూపియ్యాలె?"

యోబు పశువుల కొట్టంలో చేరాడు. పెంటమ్మ మోదుగాకులో అన్నం పెట్టి దూరంగా ఉంచి పోయేది. ఊరికి ఇంతకంటే వేడుకేముంది? పైన తిండి ఎట్లుందని అడిగేవారు. పైన మా నాయిన కనబడితే బర్రె ఈనిందని చెప్పమని ఒకడు కబురు పెట్టాడు. ఇంకొకప్పుడైతే యోబు రెండింతలు తిప్పికొట్టేవాడు. ఇప్పుడతని చెవులు గోడ మీదే ఉన్నాయి. మొహం చూడని కొడుకు ఏడిస్తే అది ఆకలో, కడుపునొప్పో పోల్చుకోవడం నేర్చాడు. ఆ రెండో పాట పాడకుండా ఉంటే వాన కంటే ముందే లేచేవాణ్ణి గదా అని తలకొట్టుకున్నాడు. ఏ పాటకైతే జనం బండ్లు కట్టుకుని వచ్చారో, ఆ పాట మీదే అతనికి అసహ్యం పుట్టింది.

పాదిరి గారు తిరిగి వస్తుంటే బాటకు ఎదురెళ్లి సంగతంతా చెప్పాడు. ఆయనకు కోపం వచ్చింది. నేరుగా పెంటమ్మ దగ్గరికి వచ్చి, నిలబడి అన్నం తింటున్నవాడు చచ్చినవాడెట్లా అవుతాడని, ఇదంతా మూఢనమ్మకమని చాలాసేపు ఉపదేశించారు. ఆమె అంతా విన్నది.

"నాకు ఐదుగురు పుట్టిండ్రు అయ్యగారు. నలుగురిని మన్నుల వెట్టిన. అప్పుడు తలుపేసుకునుడు నాకు తెల్వలే. గిప్పుడు తెలిసింది."

పాదిరి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత వాకిట్లో మంచం వాల్చమన్నారు. ఆట సగంలో ఆగింది, మిగతా సగం ఇక్కడే ఆడదామన్నారు.

యోబు మంచం మీద పడుకున్నాడు. క్షణంలో వాకిలి నిండింది. ఇంతటి ఆటగాడు లేవడమంటే ముందు వేలు కదులుతుందో, రెప్ప కదులుతుందో, ఎన్ని పాటలుంటాయోనని జనం సర్దుకుని కూర్చున్నారు. పాదిరి గారు "యోబూ, లే" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే యోబు దిగ్గున లేచి నిలబడ్డాడు. జన్మలో అంత చెడ్డగా ఎన్నడూ ఆడలేదు. ఒక్క ఈల కూడా పడలేదు.

కథలో ప్రభువు లేపిన కొడుకును తల్లికి అప్పజెప్పాడని చెప్పి, పాదిరి గారు యోబు చేతిని పెంటమ్మ చేతిలో పెట్టారు. ఆమె ఆ చేతిని వేళ్ల నుంచి భుజం దాకా తడిమి చూసింది. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత లోపలికి పోయి, బిడ్డను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

యోబు బిడ్డను నడుము దగ్గర పట్టుకుని మొహం చూడబోయాడు. పసివాడి తల వెనక్కి వాలింది. పెంటమ్మ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"సచ్చుడొక్కటే నేర్సినవు కొడుకా," అంది. "మెడ కింద చెయ్యి వెట్టు."