గంజి వాసన వేసిన ఇంజిన్

2023 వేసవి. బస్సు డిపోలో డీజిల్ మెకానిక్‌గా రిటైరై అప్పటికి కొన్నేళ్లయింది. డిపోలో నాతో పనిచేసిన మస్తాన్ పుత్తూరులో తిరుపతి రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పొద్దుపోక రోజూ అక్కడికి వెళ్లి కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పొగలు కక్కుతూ ఒక మోటార్ హోమ్ వచ్చి ఆగింది. పాత డీజిల్ వ్యానులో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకున్న బండి. నగరిలో మరమగ్గాలు నడిపే దాము తన నాయన మునస్వామి కోసం దాన్ని తయారు చేయించాడట. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మునస్వామి ఎక్కువసేపు కూర్చోలేడు. పడుకునే ప్రయాణం చెయ్యాలి.

"రేపు పొద్దున శ్రీహరికోటలో రాకెట్ లేస్తాది సార్. నాయనకు దాని శబ్దం వినాలని ఆశ. ఏసీ వేసి ఎత్తు ఎక్కితే చాలు, ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటతా ఉండాది" అన్నాడు దాము.

జీవితమంతా మగ్గాల మధ్య గడిపిన మునస్వామికి చెవులు దాదాపు పోయాయి. మిద్దె మీది నుంచి రాకెట్ వెలుగు చాలాసార్లు చూశాడు. దగ్గరికి పోతే ఆ మోత తనకు కూడా వినపడుతుందని ఎవరో చెప్పారట.

అంతకుముందే వేరేచోట రేడియేటర్ మూత మార్చారు, కూలెంట్ కొత్తది పోశారు. ఇంజిన్‌లో నీటి దారిని వేడిని బట్టి తెరిచే థర్మోస్టాట్‌ను పీకేశారు కూడా. అయినా తగ్గలేదు.

"ఇంక హెడ్ గ్యాస్కెట్టే అన్నా. హెడ్ విప్పాల్సిందే. మూడు రోజులు పడుతుంది" అన్నాడు మస్తాన్.

దాము మొహం వాడిపోయింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంజిన్‌కూ దాని పైమూత హెడ్‌కూ మధ్య ఉండే ఆ గ్యాస్కెట్ పోతే ఆయిల్‌లో నీళ్లు కలవాలి, లేదా కూలెంట్‌లో బుడగలు రావాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది. కొంత చల్లారాక రేడియేటర్ మూత తీసి ఇంజిన్ నడిపించాను. ఒక్క బుడగ లేదు. మరి ఆ వేడి ఎందుకు బయటికి పోవడం లేదు?

అంతలో బండి లోపలి నుంచి మునస్వామి గట్టిగా అన్నాడు. "ఒరే దామూ! బండి ఉడికినప్పుడంతా మన మగ్గాల షెడ్డు వాసన వస్తాది, సెప్పు వాళ్లకు!"

"నాయనకు యాడికి పోయినా ఆ వాసనే సార్. తిరుమల కొండెక్కినా అదే అంటాడు" అని నవ్వాడు దాము.

నేను లోపలికి ఎక్కి ముక్కు పెట్టి చూశాను. నిజమే. నూలుకు పట్టించే గంజి వేడెక్కిన వాసన!

"బండి యాడ నిలబెడతావప్పా?"

"మగ్గాల షెడ్డు పక్కనే సార్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండే గోడ కింద. ఆడే కదా నీడ ఉండేది!"

మస్తాన్, నేను మొహాలు చూసుకున్నాం. ఇంజిన్ వేడెక్కి రేడియేటర్ ఫ్యాన్ జోరందుకున్నాక ముందరి జాలీకి ఒక న్యూస్‌పేపర్ ఆనించాను. ఫ్యాన్ గాలి లాగుతుంటే కాగితం అతుక్కుపోవాలి. అది జారి నా కాళ్ల మీద పడింది.

ఏసీ ఉన్న బండిలో జల్లెడల్లాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందరిది ఏసీ కండెన్సర్, వెనకది రేడియేటర్. బోల్టులు విప్పి కండెన్సర్‌ను ముందుకు వంచాం. రెంటి మధ్య బూడిదరంగు దుప్పటి ఒకటి బిగుసుకుని ఉంది. మగ్గాల నుంచి లేచిన నూలు నుసి.

"అయ్యో, ప్రతి శుక్రవారం పూజకు ముందర కడిగేది మరవము సార్! ప్రెషర్ పైపుతో!"

"బండి ముందు వైపు నుంచేనా?"

"ముందు నుంచే. పసుపు, కుంకం పెట్టేది ఆడే కదా!"

అదే జరిగింది. నీటి జోరుకు నుసి వెనక్కి పోయింది. నూలుకు పట్టిన గంజి తడిసి, ఇంజిన్ వేడికి ఎండి, వారం వారం ఒక పొర అట్టకట్టింది. బయటికి మాత్రం జాలీ తళతళలాడుతూనే ఉంది.

దుప్పటిని ఊడదీసి మునస్వామి చేతిలో పెట్టాను. వేళ్ల మధ్య నలిపి చూసి ఆయన పకపకా నవ్వాడు. "నువ్వు నేసేదానికంటే ఇదే గట్టిగా ఉండాదిరా!"

"ఎగతాళి చాల్లే నాయనా" అన్నాడు దాము, సిగ్గుపడుతూ.

ఈసారి ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగాం. కొత్త థర్మోస్టాట్ బిగించాం. ఏసీ వేసి తిరుపతి రోడ్డులో చాలా దూరం పోయి వచ్చాం. ముల్లు మధ్యలోనే నిలబడింది. సాయంత్రం చల్లబడే వేళకు బండి శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట దారి పట్టింది.

బండి ఏ దారిన తిరిగిందో డిపోలో అందరం అడిగేవాళ్లం. పని లేనప్పుడు ఎక్కడ నిలబడి ఉంటుందో అడగాలని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత షెడ్డుకు ఏ బండి వచ్చినా నా మొదటి ప్రశ్న అదే.

తిరుగు ప్రయాణంలో వాళ్లు మళ్లీ షెడ్డు దగ్గర ఆగారు. "వినపడిందా?" అని మునస్వామి చెవి దగ్గర అరిచాను.

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈడ తగిలిందప్పా. మగ్గాలన్నీ ఒక్కసారే ఆడినట్టు. అది పోయినాక సూడు, నగరి మొత్తానికి కరెంటు పోయినట్టుండె."